బావగారి ముఖం

ముందుగా ఒక మనవి. నాకు ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా పూర్తిగా లొంగలేదు. మనవరాలి పలక పక్కన నా పలక పెట్టుకుని నేర్చుకున్న అక్షరాలివి. తప్పులుంటే సర్దుకుని చదవండి. చెయ్యి కూడా నిదానం. నేనొక వాక్యం పూర్తి చేసేలోగా పొయ్యి మీద పప్పు ఉడికి, అడుగంటి, వాసన కూడా వస్తుంది. కథ ఎక్కడైనా కుంటితే ఆ కుంటు నా చేతిది, కమలాంబది కాదు. ఆమె చురుకైన మనిషి.

కమలాంబ జార్జి టౌన్‌లో, తోపుడుబండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే సందులో, మేడ మీద ఒక గదిలో ఉంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. చీరలకు ఫాల్సు కుట్టి బతికింది. కూతురు సునయన పురసవాక్కంలో ఒక పెద్ద బట్టల అంగట్లో పని చేస్తుంది. తల్లీకూతుళ్ళకు ఒకరికొకరు తప్ప దగ్గరివాళ్ళు లేరు. చుట్టాలు మాత్రం బోలెడుమంది.

ఒక పెళ్ళిలో వడలు రుచిగా ఉన్నాయని ఇంకొకటి వేయించుకున్నందుకు కమలాంబకు కుడి డొక్కలో నొప్పి పట్టుకుంది. మామూలు నొప్పి కాదు. లోపల ఎవరో గుడ్డ పిండినట్టు పిండి, వదిలి, మళ్ళీ పిండారు. పెద్దాస్పత్రికి పోతే స్కానింగు తీసి, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఏ పెద్దాస్పత్రి అని అడగకండి. చెన్నైలో పెద్దాస్పత్రులకు కొదవలేదు.

పెద్దాస్పత్రిలో రోగిగా చేరాలంటే ముందు మంచి ఆరోగ్యం కావాలి. చీటీ రాసేది ఒక కట్టడంలో, రక్తం తీసేది ఇంకో కట్టడంలో, ఆ రక్తం సంగతి చెప్పేది మూడో కట్టడంలో. దారి చూపే బాణం గుర్తు ప్రతి గోడ మీదా ఉంటుంది. ఆ బాణాన్ని నమ్ముకుని పోతే ఒక మెట్ల దారి వస్తుంది. దానికి తాళం వేసి ఉంటుంది. తాళం పక్కన కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఆయన పని "ఈడ కాదు" అని చెప్పడం. ఆ పని ఆయన చాలా శ్రద్ధగా చేస్తాడు.

కమలాంబ ఇవన్నీ నోరెత్తకుండా దాటింది. తిరగమన్న చోటికల్లా తిరిగింది, కూర్చోమన్న చోట కూర్చుంది. చివరికి ఆడవాళ్ళ సర్జరీ వార్డులో ఆమెకొక మంచం దొరికింది. పైన తిరుగుతున్న ఫ్యాను, కింద తిరుగుతున్న పిల్లి. డాక్టర్ల కంటే ముందు రౌండ్సుకు వచ్చేది ఆ పిల్లే. మంచం మంచం దగ్గరా ఆగి, పళ్ళెం కేసి చూసి, పెదవి విరిచి పోయేది.

వార్డు డాక్టరు ధన్య ఇంకా చదువుకుంటున్న పిల్ల. ఇంట్లో తెలుగే గానీ, నోట్లో తమిళమే ముందు వస్తుంది.

"అమ్మా, గురువారం మీకు ఆపరేషన్. అదివరకు నూనె, నెయ్యి కూడాదు. ఇంకోసారి ఆ నొప్పి వచ్చి రాయి జారిపోయిందనుకోండి, లోపల అడ్డం పడుతుంది. అప్పుడు రొంబ డేంజర్. ప్రాణం మీదికి వస్తుంది. భయపెట్టడం లేదు, సరియా?"

"నువ్వు భయపెట్టే పన్లేదు పాపా, నేనే పడినా. గురువారం తప్పకుండా చేసేస్తారా?"

"నేనే చేస్తాను. నా పక్కన పెద్ద డాక్టరుంటారు. ఎన్నో చేసినాను, సరియా?"

కమలాంబకు ఆ పిల్ల వేళ్ళు నచ్చాయి. సూది పట్టుకునే వేళ్ళ సంగతి ఆమెకు తెలుసు. సునయన కూడా అంగట్లో ఆ వారానికే సెలవు చెప్పి వచ్చింది. గురువారం అయిపోతే అన్నీ కుదురుకుంటాయి.

పక్క మంచం మీద మనలి నుంచి వచ్చిన భువనేశ్వరి. ఆమెకూ అదే జబ్బు. ఆమెకింకా రోజు చెప్పలేదు. రిఫైనరీ గోడ పక్కనే ఇల్లు. "మా ఈదిలో గాలి పీల్చినోళ్ళకి రాళ్ళొకటే ఏంది అక్కా, ఇనుము గూడా తయారవతాది లోపల" అని నవ్వేది.

అంతా సవ్యంగా జరుగుతూ ఉండగా మంగళవారం సాయంత్రం చుట్టాలు వచ్చారు.

ఆస్పత్రికి చూడడానికి వచ్చే చుట్టాలను మీరూ చూసే ఉంటారు. ముందు గుమ్మంలోనే ఆగి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. తరవాత మంచం చుట్టూ నిలబడి, రోగి వినేలాగే, "మనిషి సగమైపోయింది" అంటారు. తెచ్చిన బ్రెడ్డు బల్ల మీద పెట్టి, ఈ ఆస్పత్రికెందుకొచ్చినావు, ప్రైవేటుకు పోకూడదా అని కోప్పడతారు. ప్రైవేటుకు ఎవరు తీసుకుపోతారో ఆ మాట మాత్రం ఎత్తరు. వాళ్ళందరి ముందు నడిచి వచ్చినవాడు గోపాలస్వామి గారు.

ఆయన కమలాంబకు బావగారు. అంటే పోయిన భర్తకు సొంత అన్న. హార్బరు ఆఫీసులో సూపరింటెండెంటు చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఆయన చేపట్టిన ఉద్యోగం రోగులను పరామర్శించడం. ఎవరికి జ్వరం తగిలినా ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని, యాపిల్ పళ్ళతో దిగుతాడు. ఆ పళ్ళు తనే కోసి, మంచివా కాదా అని తనే తిని చూస్తాడు. చూడడం పూర్తయ్యేసరికి పళ్ళు ఉండవు. తింటున్నంత సేపూ అదే జబ్బుతో పోయిన వాళ్ళ కథలు చెబుతాడు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ముఖం చూడకూడదు. ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన వస్తే లేచి, కొంగు భుజం నిండా కప్పుకుని, తల వంచుకుని, గోడ వైపు తిరగాలి. చెప్పాల్సింది మధ్యలో ఇంకొకరి చేత చెప్పించాలి. ఇదివరకు భర్త ద్వారా, ఇప్పుడు సునయన ద్వారా. లోకంలో ఈ పద్ధతులన్నీ ఎప్పుడో పోయాయి. గోపాలస్వామి గారి దగ్గర పోలేదు. మద్రాసులో తెలుగువాళ్ళ మర్యాద అంటూ మిగిలింది మన ఇంట్లోనే అని ఆయన నలుగురిలో చెప్పుకుంటాడు. అందుచేత కాపురానికి వచ్చిన నాటి నుంచి కమలాంబ ఆయన పాదాలే చూసింది. ఆయన చెప్పులు ఎన్ని మారాయో, ఏ చెప్పుకు ఎక్కడ కుట్టు వేయించాడో ఆమెకు తెలుసు. ముఖం తెలియదు. ఫోటోల్లోనూ చూడలేదు. ఆయన ఉన్న ఫోటోలో ఆమె ఉండదు, ఉంటే తల వంచుకునే ఉంటుంది.

మంచం మీద లేచి కూర్చుని, కమలాంబ గోడ వైపు తిరిగింది. చెప్పులు వచ్చి మంచం పక్కన ఆగాయి. గోధుమరంగువి. ఎడమదానికి బొటనవేలి దగ్గర కొత్త కుట్టు.

"ఏందమ్మా సునయనా, ఎవరు చేస్తారంట ఆపరేషను?" అన్నాడు గోపాలస్వామి గారు.

"ధన్య అని డాక్టరమ్మ, పెదనాయనా."

"వయసెంత?"

"చిన్నదే. నాకంటే నాలుగేండ్లు పెద్దదేమో."

"చూసినారా!" అని ఆయన చుట్టాల వైపు తిరిగాడు. "చదువుకునే పిల్ల మీ అమ్మ పొట్ట మీద పాఠం నేర్చుకుంటాదంట! అడిగే దిక్కు లేకపోతే ఇట్నే ఉంటాది. మా షడ్డకుడికి ఇదే రోగం, ఇట్టాంటి వార్డే. చెప్పి పెట్టేవాళ్ళు లేకుంటే ఏంగావాల్సింది? నేనే ఒక మాట చెప్పి పెట్టినా. చీఫు డాక్టరే స్వయంగా వచ్చి చేసినాడు."

"మరి ఆయన పోయినాడు గదా పెదనాయనా?"

"పోయినాడు. కానీ ఎంత మర్యాదగా పోయినాడు!"

భువనేశ్వరి దుప్పటి నోట్లో కుక్కుకుంది.

కమలాంబ గోడతో అంది. "సునయనా, మీ పెదనాయనతో చెప్పు, ఈడ అంతా సరిగ్గానే జరగతా ఉండాది, ఎవరికీ ఏమీ చెప్పే పన్లేదని."

"పెదనాయనా, అమ్మేమంటాదంటే..."

"ఇనపడింది. మొహమాటం. మీ అమ్మకి మొదట్నుంచీ మొహమాటమే." అప్పటికే ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. వార్డంతా వినేలాగా మొదలుపెట్టాడు. "హలో, శివరామ్! నేనబ్బా, పురసవాక్కం పెదబావను. ఆమా, ఆమా. మీ సెక్రటేరియట్ నించి ఒక మాట చెప్పాల..."

శివరామ్ అంటే ఆయన భార్య తరఫు చుట్టం. సెక్రటేరియట్‌లో ఒక ఆఫీసరు గది బయట కూర్చుంటాడు. గది లోపల ఉన్నవాడి కంటే బయట ఉన్నవాడి ఫోనుకే బలమెక్కువ.

ఫోను పెట్టేసి గోపాలస్వామి గారు చివరి యాపిల్ ముక్క నోట్లో వేసుకున్నాడు. "అయిపోయింది. ఇంక ఈమెను అందరి మాదిరి చూడరు. సరేనమ్మా, రేపు మళ్ళీ వస్తా" అన్నాడు.

ఆస్పత్రిలో ఎవరూ 'మళ్ళీ వస్తా' అనరు. ఆ మాట అంటే మళ్ళీ రావాల్సి వస్తుందని భయం. అక్కడ చూడవచ్చిన వాళ్ళు నోరు మూసుకుని లేచి పోతారు. గోపాలస్వామి గారు మాత్రం గట్టిగా అంటాడు. ఆయనకు నిజంగానే మళ్ళీ రావాలని ఉంటుంది కదా.

బుధవారం పొద్దున వార్డులో కమలాంబ అదృష్టం తిరిగింది. పిలవకుండానే ఆయమ్మ వచ్చి ఉతికిన దుప్పటి పరిచింది. నిన్నటిదాకా "ఏయ్ కిళవి", అంటే ముసలిదానా, అన్న నోరు "అమ్మగారూ" అంది. మంచం తీసుకుపోయి కిటికీ పక్కన వేశారు. నర్సు వచ్చి ఒకటికి రెండుసార్లు బీపీ చూసింది. పిల్లిని కూడా తరిమారు.

"ఏంది అక్కా, రాత్రికి రాత్రే మంత్రిగారి అత్తవయిపోయినావే!" అని భువనేశ్వరి దూరం నుంచే దండం పెట్టింది.

కమలాంబకు ఈ మర్యాద ఏమీ బాగా అనిపించలేదు. అంగట్లో సేల్స్‌మేన్ మరీ ఎక్కువ నవ్వితే ఆ చీరలో ఎక్కడో చిరుగుంటుందని ఆమెకు అనుభవం.

రౌండ్సుకు అసిస్టెంటు చీఫ్ భాష్యం గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పంటినొప్పి ఉన్నవాడిలా ఉండే మనిషి.

"సెక్రటేరియట్ పేషెంటెవరు?" అన్నారు.

అందరి కళ్ళూ కిటికీ వైపు తిరిగాయి.

"అమ్మా, మీ గురించి పైనించి ఫోనొచ్చింది. చీఫే స్వయంగా చెయ్యాలంట. చీఫ్ కాన్ఫరెన్సుకు పోయినారు. వచ్చినాక డేట్ ఇస్తాం." ధన్య వైపు తిరిగారు. "రేపు ఈమె పేరు తీసెయ్. ఆ ప్లేసులో భువనేశ్వరిని వేసుకో."

"ఎప్పుడొస్తారు సార్ చీఫు?" అంది కమలాంబ. 

"వచ్చినప్పుడు."

ఆయన వెళ్ళిపోయారు. ధన్య ఒక్కటే నిలబడిపోయింది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

"మీకు పెద్దాళ్ళు తెలుసని నాకు సొల్లనే లేదే అమ్మా!"

"నాకెవరూ తెలీదు పాపా! నువ్వే చేస్తానన్నావు గదా? చెయ్యి."

"నేనెట్లా చేసేది? ఎవరూ లేనివాళ్ళకు ఎవరైనా చెయ్యొచ్చు. పెద్దాళ్ళ మనిషికి నేను చేసి కొంచెం జ్వరం వచ్చినా, రేపు నన్ను కదా అడుగుతారు? భాష్యం సార్ కూడా ముట్టుకోరు. చీఫ్ వచ్చేవరకు ఎవరూ ముట్టుకోరు. ఈడ అట్లే."

"అంతలోపల నొప్పొస్తే?"

ధన్య తల దించుకుని కేసు కాగితం తిప్పింది. కమలాంబకు సంగతి అర్థమైంది. దిక్కు లేనందుకు కాదు, దిక్కు దొరికినందుకు ప్రాణం మీదికి వచ్చింది!

"పాపా, ఫోన్ చేసినాయన మళ్ళీ చేసి వద్దంటే?"

"అప్పుడు వెంటనే వేసుకుంటాను. వద్దనకపోయినా సరే, ఆ ఫోన్ మీకోసం కాదు, వేరే ఎవరికోసమో అని తేలితే చాలు. అప్పుడు మీరు సాదా పేషెంటే కదా?"

సాదా పేషెంటు! ఆ మాట కమలాంబకు స్వర్గంలా వినిపించింది.

మధ్యాహ్నం గంజి తాగాక నొప్పి తొంగి చూసింది. పూర్తిగా లోపలికి రాలేదు గానీ, గుమ్మంలో నిలబడి, నేనున్నానని చెప్పి పోయింది. సునయన తల్లి చేతులు పట్టుకుని కూర్చుంది. పట్టు వదిలాక కమలాంబ అన్న మొదటి మాట, "మీ పెదనాయనకి ఫోన్ చెయ్యి. రమ్మను. యాపిల్ పండ్లు అక్కర్లేదను."

గోపాలస్వామి గారు సాయంత్రం యాపిల్ పళ్ళతోనే వచ్చాడు. కిటికీ పక్కన మంచం చూసి, ఉతికిన దుప్పటి తడిమి, "ఏం చెప్పినా నేను? చూసినారా ఒక్క మాట మహిమ!" అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

కమలాంబ గోడ వైపు తిరిగింది. కిటికీ దగ్గర గోడ లేదు. కాబట్టి కిటికీతో మాట్లాడింది. "సునయనా, మీ పెదనాయనతో చెప్పు. ఆ ఫోన్ వాపసు తీసుకోమను. దానివల్ల నా ఆపరేషను ఆగిపోయింది."

"మీ అమ్మతో చెప్పు, చేసిన ఫోను వాపసు తీసుకోడానికి అదేమన్నా చీరా?"

"చీరైతే మా అంగట్లో వాపసు తీసుకుంటారు పెదనాయనా, బిల్లుంటే చాలు" అంది సునయన. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. "అమ్మకు మధ్యాహ్నం మళ్ళీ నొప్పొచ్చింది. ఇంకోసారి వస్తే ప్రాణానికే డేంజర్ అన్నారు. దయచేసి శివరామ్ అన్నకు ఫోన్ చేసి..."

"ఏమని చెయ్యాల? నిన్న చెయ్యమని, ఈరోజు వద్దని! రేపట్నించి వాడు నా ఫోనెత్తుతాడా? వాడి ముందర నా మర్యాదేంగావాల? చీఫ్ చెయ్యి అంటే మామూలా! నాలుగు రోజులు ఓర్చుకోమను. ఓర్పు లేకపోతే ఆడదెట్టా అవతాది?"

"నాలుగు రోజులని ఎవరు చెప్పినారు పెదనాయనా?"

"నేను చెప్తా ఉండా గదా!"

చూడడానికి వచ్చేవాళ్ళ సమయం అయిపోయింది. గంట కొట్టారు. ఆయమ్మ చీపురు పట్టుకుని చుట్టాలను ఊడ్చినట్టు బయటికి తోసింది. గోపాలస్వామి గారు కదల్లేదు. ఆ గంట మామూలు వాళ్ళకు. ఆయన యాపిల్ కొయ్యడం మొదలుపెట్టాడు. కోసి, రెండు ముక్కలు తను తిని, వార్డులో ఒక చుట్టు తిరిగాడు. భువనేశ్వరి బల్ల మీద ఉన్న అరటిపండు కూడా ఒలుచుకుని, "రేపు నీకు ఆపరేషన్ గదమ్మా, తినకూడదు" అని తినేశాడు.

అప్పుడు భాష్యం గారు లోపలికి వచ్చారు. వెనకాల ధన్య.

"ఎవరిది? టైమైపోయింది కదా!"

గోపాలస్వామి గారు అరటితొక్క భువనేశ్వరి మంచం మీద పెట్టి, కమలాంబ మంచం దగ్గరికి వచ్చి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "నమస్కారం డాక్టర్. ఆ సెక్రటేరియట్ ఫోను... నేనే చెప్పి చేయించినా."

భాష్యం గారి పంటినొప్పి ఎక్కువైంది. పొద్దున ఆ ఫోను ఎత్తింది ఆయనే. ఆఫీసరు గది బయట కూర్చునేవాడు తనను 'ఏం డాక్టరూ' అని పిలిచిన సంగతి ఆయనకింకా మంటగానే ఉంది. కమలాంబ వైపు తిరిగారు. "అమ్మా, ఈయన మీకేమవుతాడు?"

కమలాంబ తల వంచుకునే ఉంది. గోధుమరంగు చెప్పులు. బొటనవేలి దగ్గర కొత్త కుట్టు. ఆ కుట్టు వంకరగా వేశాడని నిన్ననే గమనించింది. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి పోయిన నొప్పి గుర్తొచ్చింది. పొద్దున ధన్య చెప్పిన మాట గుర్తొచ్చింది. డాక్టరు అడిగినదానికి అబద్ధం చెప్పకుండా జవాబు చెప్పాలి.

"సార్," అంది, సునయన ద్వారా కాకుండా, తనే, గట్టిగా. "నేను ఈయన ముఖం ఎప్పుడూ చూళ్ళేదు."



"ఎప్పుడూ చూడలేదా?"

"నా కూతురి మీద ఒట్టు సార్. పెళ్ళయిన కాడి నుంచి ఈరోజు దాకా ఒక్కసారి కూడా చూళ్ళేదు."

"ఇప్పుడు చూసి చెప్పండి."

కమలాంబ తలెత్తి చూసింది. ముక్కు పక్కన పులిపిరి. కట్టుడు పళ్ళు. చెవుల్లో వెంట్రుకలు. ఇన్నేళ్ళూ తను గోడ వైపు తిరిగింది ఈ ముఖానికా! కళ్ళు మాత్రం అచ్చం తన భర్త కళ్ళు. ఒక్క క్షణం ఆమె మనసు తడబడింది. కానీ ఆ భర్తే బతికుంటే ఈ పాటికి శివరామ్‌కు తనే ఫోన్ చేసి, వద్దు మొర్రో అని ఉండేవాడు.

"ఈ ముఖం నాకు తెలీదు సార్" అంది. "ఇంకెవరికోసమో ఫోన్ చేసుంటారు. నాకు సెక్రటేరియట్‌లో ఎవరున్నారు సార్? నేను సాదా పేషెంటును."

"ఏం మాటలివి!" గోపాలస్వామి గారు అరిచాడు. "నేను దీని మొగుడికి అన్నను! నా ముఖం ఎట్టా చూస్తాది, మా ఇంట్లో ఆ పద్ధతే లేదు! కావాలంటే నా చెప్పులు చూపించండి! చెప్పులు చూస్తే గుర్తుపడతాది!" అని నిజంగానే ఎడమ చెప్పు విప్పి చేత్తో పట్టుకుని డాక్టరు ముఖం ముందు పెట్టాడు.

ఒక మనిషి తనను చెప్పు చూసి గుర్తుపట్టమనడం భాష్యం గారు తన ఉద్యోగంలో మొదటిసారి చూశారు. రెండడుగులు వెనక్కి వేసి, సునయనను అడిగారు. "ఈయన మీ పెదనాన్నేనా?"

సునయన తల్లిని చూసింది. పెదనాయనను చూసింది. పెద్దవాళ్ళ ముందు తెలుగులో అబద్ధమాడడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. తమిళంలో ఆడింది. "తెరియాదు సార్."

"నాకు తెలుసు సార్!" అని భువనేశ్వరి లేచి కూర్చుంది. గోపాలస్వామి గారి ముఖం వెలిగింది. "నిన్నట్నించి చూస్తా ఉండా సార్. మంచం మంచం తిరిగి రోగులోళ్ళ పండ్లు తినిపోతా ఉండాడు. ఇదిగో నా అరటిపండు తొక్క!"

వార్డంతా ఒక్కసారి గొల్లుమంది. డ్రిప్పు ఎక్కుతున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చింది, వెనకాలే సెక్యూరిటీ వచ్చాడు. గోపాలస్వామి గారు ఒక కాలికి చెప్పుతో, ఒక చేతిలో చెప్పుతో, చూడవచ్చే పాసూ లేక, తెలుసన్న చుట్టమూ లేక, బయటికి నడిచాడు. గుమ్మం దాకా "శివరామ్‌కు ఫోన్ చేస్తా!" అని అంటూనే ఉన్నాడు. ఆ రోజు మాత్రం 'మళ్ళీ వస్తా' అనలేదు.

భాష్యం గారు ధన్య వైపు తిరిగారు. ఆయన పంటినొప్పి తగ్గినట్టుంది. "అయితే ఆ ఫోన్ ఈమెకోసం కాదు. ఈమెను రేపే వేసుకో. చివర్లో."

"చివర్లోనే వేయండి సార్" అంది కమలాంబ. "అందరి తరవాతే వేయండి."

ధన్య తలెత్తకుండా పేరు రాసుకుంది. తలెత్తితే నవ్వు బయటపడుతుందని.

గురువారం ముందు భువనేశ్వరి పోయి వచ్చింది. చివర్లో కమలాంబ పోయి వచ్చింది. తెలివి రాగానే ధన్య ఒక చిన్న గాజు సీసా చేతిలో పెట్టింది. అందులో రాళ్ళు. నల్లగా, మిరియాల్లాగా ఉన్నాయి. ఇన్ని నెలలు తనను పిండింది ఇవేనా అని కమలాంబ ఆశ్చర్యపోయింది. మళ్ళీ పక్క మంచం మీదికి వచ్చిన భువనేశ్వరి తన సీసా ఎత్తి చూపించింది. "నాయి పెద్దవి అక్కా. మనలి సరుకు!"

ఇంటికి పంపించిన రోజు ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదు. ఒకరి చెయ్యి ఒకరు నొక్కి, నోరు మూసుకుని, చెరో దారినా పోయారు.

జార్జి టౌన్ గదికి చుట్టాలు రావడం మొదలైంది. గోపాలస్వామి గారు కొన్ని రోజులు రాలేదు. కానీ రోగి ఇంట్లో ఉండగా ఆయన ఎన్ని రోజులు ఓర్చుకోగలడు? ఒక సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, చూడవచ్చిన వాళ్ళందరికీ జరిగింది చెప్పాడు.

"పాపం, మత్తుమందు ప్రభావం. నన్ను కూడా గుర్తుపట్టలేదు. నేనేమీ అనుకోలేదు. ఆ డాక్టర్లు నా ఫోనుకు ఎంత భయపడినారంటే, ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. చెప్పిన గురువారానికే చేసేసినారు!"

మత్తుమందు ఇచ్చింది ఆ మరునాడని ఎవరూ అడగలేదు. కింది వాటాలో ఉండే వరదయ్య నోరు తెరుచుకుని వింటున్నాడు. వరదయ్య గోడౌన్లో మూటలు ఎత్తి ఎత్తి హెర్నియా తెచ్చుకున్నాడు. వచ్చే వారం అదే ఆస్పత్రిలో చేరాలి.

"సామీ," అని చేతులు కట్టుకున్నాడు. "నాక్కూడా ఒక్క మాట చెప్పి పెట్టరా?"

గోపాలస్వామి గారి చెయ్యి చొక్కా జేబులోకి, ఫోను మీదికి పోయింది.

కమలాంబ కాఫీ గ్లాసుతో లోపలి నుంచి వచ్చింది. కొంగు కప్పుకోలేదు. గోడ వైపు తిరగలేదు. తిన్నగా వచ్చి బావగారి ముఖంలోకి చూసి, గ్లాసు చేతికిచ్చింది. ఆయన చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. చూపు ఆయనే దించుకున్నాడు.

"వరదయ్యా," అంది కమలాంబ, ఆ ముఖం మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "సామి నీకోసం ఫోన్ చేస్తానంటే ఒద్దనబాక. చేసుకోనీ. కానీ ఆస్పత్రిలో చేరే ముందు ఒకసారి నా దగ్గరికొచ్చి పో. డాక్టరు నిన్ను 'ఈయన నీకేమవుతాడు' అని అడిగినప్పుడు ఏం చెప్పాల్నో నేర్పిస్తా."

గోపాలస్వామి గారికి కాఫీ పొలమారింది. సునయన వెళ్ళి ఆయన తల మీద తట్టింది.

ఇట్లు,
పంకజం, అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది పెరంబూరులో.